ఒంగోలు ఎద్దుల జత కొనేముందు ఏం చూడాలి?

ఉద్యోగం మానేసి ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఆరెకరాలు సొంతంగా చేసుకుంటున్నాను, పొగాకు, మిరప సాళ్ళలో గుంటక (సాళ్ళ మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలడానికి ఒంగోలు జత కావాలి, వీడియోలో ఒక జత నచ్చింది, రేటు సరైనదేనా అని ఒకరు అడిగారు. కడిగి, కొమ్ములకి నూనె రాసి నిలబెట్టి తీస్తే ఏ ఎద్దయినా బాగానే కనిపిస్తుంది. రేటు మాట్లాడేముందు ఆ జత పని చేస్తుంటే చూడండి. నాగులుప్పలపాడు చుట్టుపక్కల మా నాయన ఎద్దుల బేరాలకి వెళ్తుంటే వెంట తిరిగినవాణ్ణి. ఇప్పటికీ మా కొట్టంలో ఒక జత ఉంది.

ముందు పని ఎద్దులు కావాలో, పోటీ గిత్తలు కావాలో తేల్చుకోండి. బండలాగుడుకి పెంచే గిత్తల మేపు, సాధన, ధర అన్నీ వేరే లోకం. విత్తు కొట్టించని, అంటే వృషణాలు నొక్కించని గిత్తల్ని మిరప సాళ్ళలో తిప్పడం కొత్తవాళ్ళకి టెన్షనే. జాతి అందానికి వంక పెట్టేదేముంది, మా పక్క కరవది ఊరి పేరుతో ఒక ఆంబోతు 1960ల్లోనే బ్రెజిల్ దాకా వెళ్ళింది. కానీ మూపురం, గంగడోలు చూసి అరక కట్టలేం కదా. మీకు నాలుగు పళ్ళో ఆరు పళ్ళో వేసి, ఇప్పటికే గుంటకకి అలవాటుపడిన నెమ్మది జత చాలు.

పళ్ళ లెక్క తేలికే. పశువుకి పైన ముందు పళ్ళుండవు, కింద ఎనిమిది. మన జాతుల్లో సుమారు రెండున్నర, మూడేళ్ళకి మధ్య పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు వేస్తుంది. తర్వాత ఇంచుమించు ఏడాదికో జత. ఎనిమిదీ వచ్చేశాక అరుగుదల చూసి వయసు చెప్పాలి, దానికి తెలిసినవాళ్ళని వెంటబెట్టుకోండి. కొమ్ము మీద గీతల్ని నమ్మొద్దు. కొమ్ములు చెక్కి నున్నగా చేసి అమ్మడం మామూలే.

అన్నిటికన్నా కాళ్ళు ముఖ్యం. పొద్దున్నే, ఎద్దులు ఇంకా పడుకుని ఉండగానే అమ్మేవాళ్ళ ఇంటికి చేరండి. సంతలో ఇది చూడలేరు. ఎద్దు వెనక కాళ్ళు ముందు లేపి, మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగి లేస్తుంది, అది సహజం. అక్కడే ఆగిపోయినా, లేచాక ఒక కాలు ఆనీ ఆనకుండా పెట్టినా అనుమానించండి. తర్వాత గట్టి నేల మీద నడిపించమని, మీరు వెనక నుంచి చూడండి. కుడికోసారి, ఎడమకోసారి ఇరుగ్గా తిప్పించండి. తిన్నగా నడిచేటప్పుడు దాగిన కుంటు మలుపులో బయటపడుతుంది. గిట్టల మధ్య సందు కూడా చూడాలి. గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుళ్ళు పడే జబ్బు) వచ్చి తగ్గిన ఎద్దు పైకి బాగానే ఉన్నా ఎండ ఎక్కేసరికి రొప్పుతుంది. అందుకే కాసేపు గుంటక కట్టి తోలించి, ఆపాక ఎంతసేపటికి ఊపిరి కుదుటపడుతుందో చూడమంటాను. తోలనివ్వను అంటే ఆ బేరం వదిలేయండి.

మెడ మీద పసుపో నూనో దట్టంగా పూసి ఉంటే బొటనవేలితో నొక్కండి. పని చేసిన మెడ కాయ కాచి గట్టిగా ఉంటుంది, అది తప్పు కాదు. మెత్తగా, వేడిగా ఉండి ఎద్దు పక్కకి జరిగితే కాడి పుండు ఉన్నట్టే. రెండు కొమ్ముల మొదళ్ళూ చేత్తో పట్టుకు చూడండి. ఒకటి వేడిగా ఉన్నా, వాలినా, కదిలినా, ఆ పక్క ముక్కులో నెత్తురు చార కనిపించినా ఆ బేరం ముట్టుకోవద్దు. కొమ్ము క్యాన్సర్ మన ఎద్దుల్లో ఉన్న జబ్బే.

దాపటెద్దు (ఎడమ పక్క కట్టేది) ఏదో, ఎలపటెద్దు (కుడి పక్కది) ఏదో అడిగి తెలుసుకోండి, తారుమారు చేసి కడితే కొన్ని అడుగు వెయ్యవు. ఆ ఇంటి ఆడవాళ్ళు గడ్డి వేయడానికి భయం లేకుండా దగ్గరకి వెళ్తున్నారా, గమనించండి. దళారీ చెప్పే గుణగణాలకంటే అదే నమ్మకం.

సుడుల (ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్ల) గురించి చాలామంది భయపెడతారు. నా లెక్కలో సుడికీ పనికీ సంబంధం లేదు. కాకపోతే చెడ్డ సుడి అన్న ఎద్దుని రేపు మీరు అమ్మబోతే కొనేవాడు అదే మాట అని రేటు తగ్గిస్తాడు. కాబట్టి ఇప్పుడు మీరూ తగ్గించి అడగండి.

ఇక మేత. 500 కిలోల ఎద్దుకి రోజుకి 10-12 కిలోల ఎండుమేత కావాలి. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి ముందులా చేతికి రావడం లేదు. జొన్న చొప్పకి కొంత నేల వదలండి, వీలైతే పచ్చిమేతకి పిల్లిపెసర చల్లుకోండి. పనిరోజుల్లో ఉలవలు, తవుడు ఖర్చు వేరే.

బయానా ఇచ్చేముందు పశువైద్యుడికి చూపించండి. చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది, దాంతో టీకాల సంగతి అడగొచ్చు. లారీ ఎక్కించేటప్పుడు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అమ్మకం రసీదు దగ్గర ఉంచుకోండి. ఇంటికి రాగానే దాణా దట్టించకుండా, మొదట గడ్డి, నీళ్ళే పెట్టండి. మీ పాత పశువులుంటే రెండు మూడు వారాలు వేరే చోట కట్టేయండి, నీళ్ళ తొట్టి కూడా వేరే పెట్టాలి.