దెయ్యం రెండోసారి వస్తే భయమేస్తుందా?

ప్రశ్న: ‘చంద్రముఖి’ని టీవీలో ఎన్నిసార్లు చూసినా గంగ మంచం ఎత్తే చోట ఒళ్ళు జలదరిస్తుంది. తరువాత వచ్చిన ‘నాగవల్లి’, ‘చంద్రముఖి 2’ చూసినప్పుడు ఆ భయం కలగలేదు. దర్శకుడు ఒకరే కదా, మరి లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 2005, 2010, 2023 సంవత్సరాలలో వచ్చిన ఆ మూడింటికీ పి. వాసు గారే దర్శకులు కనుక, లోపాన్ని పనితనంలో కన్నా కథ స్వభావంలో వెతకడమే న్యాయం. మీరు చెప్పిన సన్నివేశాన్నే నెమరు వేసుకోండి. భార్య బయటికి వెళ్తానంటుంది, భర్త వద్దంటాడు. ఏ ఇంట్లోనైనా వినిపించే సంభాషణే అది. కానీ ఆ ఒక్క ‘వద్దు’ దగ్గర జ్యోతిక కళ్ళు పెద్దవవుతాయి, గొంతు మారిపోతుంది, మంచం ఒంటి చేత్తో పైకి లేస్తుంది. అంతలోనే తిరిగి ఏమీ ఎరగని గంగ అయిపోతుంది. తనతో కాపురం చేస్తున్న మనిషిలో తానెరగని మరొక మనిషి ఉన్నదని భర్తకు తెలిసే క్షణం అది, మనల్ని వణికించేదీ అదే.

ఈ బలమంతా 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ నుంచి వచ్చింది. ఆత్మ ఆవహించిందా, మనసు చెదిరిందా అన్న సందేహాన్ని ఆసాంతం లాగి, చివరకు వైద్యుడు దానిని మానసిక వ్యాధిగా తేల్చి నయం చేయడం ఆ కథకు ప్రాణం. గంగకు నయమైన నాడే కథ ముగిసింది. ముగిసిన కథను మళ్ళీ తెరవాలంటే ఆత్మ నిజంగానే ఉన్నదని ఒప్పుకోక తప్పదు; అందుకే ‘నాగవల్లి’లో, గంగను ఆవహించిందనుకున్న నర్తకి చిత్తరువు మరో ఇంటికి చేరుతుంది, నూరేళ్ళు దాటిన రాజు ఇంకా బతికే ఉంటాడు. ఆ రాజుగా వెంకటేశ్ హుంకరించే తీరు చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. అయితే ‘ఏమై ఉంటుంది’ అన్న సందేహం పోయాక ప్రేక్షకుడికి మిగిలేది వేడుకే. మీకు కలగని భయం అక్కడే పోయింది.

ప్రశ్న: అయితే మొదటి భాగాన్ని మించిన హారర్ సీక్వెల్ ప్రపంచంలో ఒక్కటీ లేదంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎందుకు లేదు? ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ ఉంది. జేమ్స్ వేల్ 1931లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసి, నాలుగేళ్ళ తరువాత దానికి కొనసాగింపుగా దీనిని తీశాడు. మొదటి చిత్రంలో బోరిస్ కార్లాఫ్ వేసిన వికృతాకారుడికి మాటలు లేవు, మూలుగులూ అరుపులూ తప్ప. రెండో చిత్రంలో అతడు అడవిలో వయొలిన్ నాదం విని ఒక గుడిసె తలుపు తీస్తాడు. లోపలున్న ముసలి సన్యాసికి చూపు లేదు కాబట్టి ఆ రూపాన్ని చూసి జడుసుకోడు. రొట్టె పెట్టి, పడక చూపించి, ఇన్నాళ్ళకు తోడు దొరికిందని దేవుడికి దండం పెట్టుకుంటాడు. ఆ వికృతాకారుడి చెంప మీద కన్నీటి చుక్క జారుతుంది. తరువాత ఆ ముసలాయన దగ్గరే ‘రొట్టె’, ‘మంచి’, ‘స్నేహితుడు’ అన్న మాటలు నేర్చుకుంటాడు. మాట్లాడించడం కార్లాఫ్‌కు ఇష్టం లేదట. నా మట్టుకు నాకు ఆ చిత్రం నిలిచింది ఆ మాటల వల్లనే.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, వేల్ భయం మోతాదు పెంచలేదు. మేరీ షెల్లీ 1818 నాటి నవలలో చూపు లేని వృద్ధుడూ ఉన్నాడు, తనకొక జోడీని సృష్టించి ఇమ్మని ఆ జీవి పట్టుబట్టడమూ ఉంది. మొదటి చిత్రం వాటిని ముట్టుకోలేదు. అంటే చెప్పవలసిన కథ నిజంగానే మిగిలి ఉంది. 1983లో వచ్చిన ‘సైకో 2’ కూడా ఇదే కోవలోది: 22 ఏళ్ళ తరువాత మానసిక ఆసుపత్రి నుంచి విడుదలైన నార్మన్, అంటే మొదటి ‘సైకో’లోని హంతకుడు, నిజంగా బాగుపడ్డాడా అన్నది కొత్త ప్రశ్న. మొదటి దానిని అది మించలేదు గాని పరువు నిలిపింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ ‘హాలోవీన్’. 1978 చిత్రంలో తెల్ల ముసుగు హంతకుడు కథానాయిక వెంటే ఎందుకు పడ్డాడో ఎవరూ చెప్పరు, అందుకే అతడు ఏ ఇంటికైనా రాగలడనిపిస్తుంది. 1981లో వచ్చిన రెండో భాగం ఆమె అతడి చెల్లెలని బయటపెట్టింది. దానితో అది వాళ్ళ ఇంటి గొడవ అయిపోయింది, మనం నిశ్చింతగా తలుపు గడియ వేసుకుని పడుకోవచ్చు! 2018లో తీసినవాళ్ళు ఆ చుట్టరికాన్ని పక్కన పెట్టి, నేరుగా 1978 కథ నుంచే అందుకున్నారు.

ప్రశ్న: ‘రాజుగారి గది’ మొదటి భాగం చూడలేదు. నేరుగా రెండోది చూస్తే అర్థమవుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిస్సందేహంగా చూడవచ్చు. ఓంకార్ 2015, 2017, 2019లలో తీసిన ఆ మూడు చిత్రాలకూ ఉమ్మడిగా ఉన్నది పేరే గాని కథ కాదు. నాగార్జున, సమంత నటించిన రెండో చిత్రానికి మూలం ‘ప్రేతమ్’ అనే మలయాళ చిత్రం. కాబట్టి మొదటి దానితో పోల్చి తూకం వేయనక్కరలేదు, విడి చిత్రంగానే చూడండి.