తలుపు అవతలి వైపు

అమ్మాయీ,

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. గోపురం, స్తంభాలు, కొండ మీంచి కనబడే వర్జీనియా లోయ, గైడు చూపించినవన్నీ చూశావు. నా పేచీ అక్కడే. ఐదు సెంట్ల నాణెం వెనక ఉన్న ఆ ఇంటి ముఖం అందరికీ తెలిసిందే కదా!

నేనూ ఈ తప్పు చేశాను. మా ఊరి దగ్గర ఒక జమీందారు మేడ మీద రాస్తూ టేకు స్తంభాలకే మూడు పేజీలు ఖర్చుపెట్టాను. మా నాన్న చదివి, "పంకా లాగేవాడు ఎక్కడ కూర్చునేవాడురా?" అన్నాడు. నేను చూడనే లేదు.

భోజనాల గదిలో తలుపు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అసలు సరుకు అదే. మధ్యలో ఇరుసు మీద తిరిగే తలుపు, దానికి ఒకవైపు అరలు. అవతల గిన్నెలు సర్ది తిప్పితే ఇవతల జెఫర్సన్ అతిథుల ముందుకు వంటకాలు వచ్చేస్తాయి, తెచ్చిన మనిషి కనబడకుండా. "తెలివైన ఏర్పాటు" అన్నావు. ఆ తెలివి ఎవరిని దాచడానికో అడగలేదు.

ఆ గిన్నెల్లో ఉన్నది జెఫర్సన్ దగ్గర బానిసగా ఉన్న ఈడిత్ ఫాసెట్ వంట. 1802లో, పదిహేనేళ్లప్పుడు, ఆమెను వాషింగ్టన్‌లో అధ్యక్షుడి ఇంటికి తీసుకెళ్లారు. ఫ్రెంచి వంటమాస్టరు దగ్గర పని నేర్చుకుంది. 1806లో ఆమె భర్త, కమ్మరి జోసెఫ్, చెప్పాపెట్టకుండా అక్కడికి వెళితే పట్టుకుని వెనక్కి తెచ్చారు. 1826 జూలై 4న జెఫర్సన్ పోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. వీలునామాలో జోసెఫ్‌కి ఏడాది తర్వాత విడుదల రాశాడు. ఈడిత్‌కీ పిల్లలకీ లేదు. 1827 జనవరిలో 130 మంది బానిసల్ని అమ్ముతామని ప్రకటన వేశారు. జోసెఫ్ ఇంకా బానిసగా ఉండగానే భార్యాబిడ్డలు వేలంలో అమ్ముడుపోయారు. కొడుకు పీటర్‌కి అప్పుడు పదకొండేళ్లు.

ఇక నీ వ్యాసంలో జెఫర్సన్ వంశవృక్షం. అల్లుడు వర్జీనియా గవర్నరు అన్న సంగతి ఒక లైను చాలు. మనవడు థామస్ జెఫర్సన్ రాండాల్ఫ్ మాత్రం పనికొస్తాడు. 1832లో రాష్ట్ర శాసనసభలో బానిసల్ని క్రమంగా విడిపించాలని ప్రతిపాదన తెచ్చింది ఆయనే. తాతగారి వీలునామా అమలు చేసి, వేలం జరిపించిందీ ఆయనే. రెండూ ఒకే పేరాలో పెట్టి ఊరుకో. "అమానుషం", "దారుణం" లాంటివి ఆరుచోట్ల వాడావు, కొట్టేయి.

పీటర్ తర్వాత సిన్సినాటిలో పాస్టరయ్యాడు. 1900లో, ఎనభై అయిదేళ్ల వయసులో, ఆ ఇల్లు చూడ్డానికి మళ్లీ వచ్చాడు. ముగింపు అక్కడ దొరకొచ్చు.

కొత్త డ్రాఫ్టు సంక్రాంతికి ముందే పంపు. పండక్కి పిల్లలంతా దిగితే నాకు కళ్లజోడు కూడా దొరకదు.