గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది

ప్రశ్న: మాది రాయగడ. మా ఆయనకు 48 ఏళ్లు, బజారులో కిరాణా కొట్టు ఉంది. ఇంట్లో తెలుగు, ఊళ్లోవాళ్లతో ఒడియా, సంతకు కొండల నుంచి దిగేవాళ్లతో కువి... మూడు భాషల్లోనూ గలగలా మాట్లాడే మనిషి. రెండు నెలలుగా ఆయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పడుతోంది. అదీ "ఊఁ", "చూద్దాం" అంతే. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. తిండి తగ్గింది. చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదన్నారు. మజ్జిగౌరి అమ్మవారికి మొక్కుకున్నాం. అత్తగారేమో "పెళ్లాం నోటికి జడిసి మాట మానేశాడు" అంటున్నారు. కొట్లో బేరానికి వచ్చినవాళ్లతో మాత్రం నాలుగు ముక్కలు మాట్లాడతారు. విశాఖలో చదువుతున్న మా అమ్మాయి "నాన్నకు నా మీద కోపమా" అని ఏడుస్తోంది. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, మీ వల్ల ఏ తప్పూ జరగలేదు. ఆయన అలిగినట్టూ నాకు అనిపించడం లేదు. అలిగిన మనిషి పుల్లవిరుపుగా మాట్లాడతాడు, లేదా మొహం తిప్పుకుంటాడు. ఆ కోపం తెలుస్తూనే ఉంటుంది. మీవారు జవాబు చెప్పాలనే చూస్తున్నారు, అది బయటికి రావడానికే ఆలస్యమవుతోంది. దానికి తోడు నిద్ర, తిండి తగ్గడం చూస్తే డిప్రెషన్ అనే అనుమానం బలంగా కలుగుతోంది.

మాట్లాడటం మనకు తేలిగ్గా కనిపిస్తుంది కానీ, ఎదుటివాళ్లు అన్నది పట్టుకోవాలి, జవాబు అనుకోవాలి, పదాలు వెతుక్కోవాలి, ఊపిరి, నాలుక, పెదవులు అన్నీ కలిసి కదలాలి. డిప్రెషన్ ఆలోచననూ ఒంటి కదలికనూ కూడా మందగింపజేస్తుంది. అందుకే నడక నెమ్మదించినట్టే మాటా నెమ్మదిస్తుంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, గొంతు తగ్గుతుంది, ఎత్తుపల్లాలు పోయి ఒకే తీరుగా సాగుతుంది. జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ వందేళ్ల కిందటే తన రోగుల మాటతీరు గురించి ఇలాగే రాశారు. ఇప్పుడు డాక్టర్లు డిప్రెషన్ కోసం అడిగే తొమ్మిది ప్రశ్నల్లో ఒకటి ఇదే: ఇతరులు గమనించేంతగా మీ కదలిక, మాట నెమ్మదించాయా అని. అందరికీ ఇలాగే ఉండదు. కొందరు ఆందోళనతో అదే బాధను పదేపదే గబగబా చెబుతుంటారు.

కొట్లో మాట్లాడి ఇంట్లో మాట్లాడరేమిటని మీకు గుచ్చుకుంటోంది కదా. "కిలో ఎంత" అంటే ధర చెప్పడం ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాట. "ఎలా ఉన్నారు" అంటే ఆలోచించుకుని చెప్పాలి. బేరాల కోసం ఉన్న ఓపికంతా పగలే ఖర్చయిపోతే రాత్రికి మీ దాకా ఏమీ మిగలదు.

అయితే ఉత్తరం చదివి నేను జబ్బు తేల్చకూడదు. థైరాయిడ్ తగ్గినా గొంతు బొంగురుపోయి, మాట మందగించి, మనిషి నీరసంగా అయిపోతాడు. రక్తపరీక్షలో అది తెలుస్తుంది. పార్కిన్‌సన్స్ జబ్బులోనూ గొంతు తగ్గుతుంది. ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా మాత్రం అది పక్షవాతం కావచ్చు, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మీ జిల్లా ఆస్పత్రిలో మొదట అడగండి. విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలోనూ ఈ విభాగం ఉంది. బాధ చెప్పుకోవడానికి ఆయనకు ఏ భాష సులువో ఆ భాషలోనే చెప్పనివ్వండి. మీరూ పక్కన కూర్చుని "రెండు నెలలుగా గొంతు మారింది" అని చెప్పండి. ఆ సంగతి ఆయనకంటే మీకే బాగా తెలుసు. మందులు ఇస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపవద్దు. మొక్కు తప్పకుండా తీర్చుకోండి, దానికోసం వైద్యం మాత్రం వాయిదా వేయకండి.

ఇంట్లో ఒక్క ప్రశ్నే అడిగి ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ ఖాళీ మీకు భరించలేనట్టుంటుంది, అయినా ఆయన వాక్యాన్ని మీరు పూర్తి చేయవద్దు. "ఎందుకు మాట్లాడరు" అనే బదులు "టీ పెట్టనా" అనండి. ఎదురుగా కూర్చుని నిలదీయడం కంటే సాయంత్రం పక్కపక్కన నడవడం మేలు. ఒక్క ప్రశ్న మాత్రం సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదమ్మా. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు లాంటివి అందకుండా పెట్టండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే ముందు మీరే చేయండి.

అత్తగారికి ఇది జబ్బని డాక్టరు చేతే చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది. అమ్మాయికి మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి నాన్నకు కోపం లేదని చెప్పండి. రోజూ నాన్నతో తనే రెండు నిమిషాలు హాస్టల్ కబుర్లు చెప్పమనండి. ఆయన "ఊఁ" అంటే చాలు, అంతకు మించి అడగవద్దనండి.