రెండో రోజు తీసిన వీడియోయే మీ కేసు

ప్రశ్న: మాది విజయవాడ. 2024 దసరాకి పాప ముచ్చటపడిందని ఒక పెట్ షాపులో రెండు కుందేలు పిల్లల్ని కొన్నాం. ఫోన్‌పేలో 3,600 కట్టాం, బిల్లు ఇవ్వలేదు. ఇంట్లో అప్పటికే నాలుగు కుందేళ్లున్నాయి. మర్నాడే కొత్తవాటి చెవుల్లో పెచ్చులు కనిపిస్తే వీడియో తీసి షాపాయనకు వాట్సాప్‌లో పంపాను. ‘దుమ్మేనమ్మా, కొబ్బరి నూనె రాయండి’ అని మెసేజ్ పెట్టాడు. తర్వాత అన్నింటికీ గజ్జి అంటుకుంది. మూడు చనిపోతే పెరట్లో పూడ్చాం. మిగతా మూడింటిని డాక్టరుకు చూపించి బతికించుకున్నాం. పాప ఇంకా బెంగపడుతూనే ఉంది. షాపాయనేమో ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అంటున్నాడు. తెలిసిన పశువైద్యుడు ఒకాయన చనిపోయినవాటికి పోస్టుమార్టం చేసినట్టు పాత తేదీతో రాసిస్తానన్నారు. దాంతో రెండు లక్షలు అడగొచ్చా? అంటువ్యాధుల చట్టం కింద పోలీసు కేసు కుదురుతుందా? వీడియో తీసిన ఫోన్ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది.

జవాబు: పాప బెంగ గురించి రాశారు. వినియోగదారుల కమిషన్ ముందు తేలాల్సింది మాత్రం ఒక్కటే. కుందేళ్లు మీ చేతికి వచ్చేసరికే వాటికి గజ్జి ఉందా, లేక మీ ఇంటికొచ్చాక తగిలిందా? షాపు తరఫు లాయరు మొదటి మాటగా ‘వాళ్ల పాత కుందేళ్ల నుంచే అంటుకుంది’ అంటాడు. దానికి మీ దగ్గరున్న జవాబు ఆ వీడియో. దాన్ని మీరు ఉత్తరంలో ఏదో మాటవరసకు చెప్పినట్టు చెప్పి వదిలేశారు.

చెవి గజ్జికి కారణం కంటికి సరిగ్గా కనిపించని చిన్న పురుగు. గుడ్డు దశ నుంచి మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి దానికి సుమారు మూడు వారాలు పడుతుంది. చెవి లోపల పెచ్చులు కట్టాలంటే ఒక్క రాత్రి చాలదు. అంటే మర్నాడు మీకు కనిపించిన పెచ్చులు షాపులో మొదలైనవే. అయితే ఈ మాట నేను చెబితే చెల్లదు. మీ కుందేళ్లకు వైద్యం చేసిన డాక్టరు ఆ వీడియో చూసి, తన అభిప్రాయంగా అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన కుదరదంటే గన్నవరం పశువైద్య కళాశాలలో అడగండి.

ఇక ఫోన్ సంగతి. ఏకైక సాక్ష్యం ఉన్న ఫోన్‌ను తమ్ముడికి ఇచ్చి ఊరుకుంటారా? అతను రీసెట్ కొట్టాడో లేదో కూడా రాయలేదు. ముందు ఆ ఫోన్ తెప్పించుకోండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. షాపాయన పెట్టిన ‘దుమ్మే’ మెసేజ్‌కు స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అసలు చాట్ ఉండాలి. ఫోన్లోని సాక్ష్యం దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం, అది ఏ ఫోన్ నుంచి ఎలా తీసిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతపరచండి. దసరాకి ముందు పాత కుందేళ్లకు తీసిన ఫొటోలుంటే వెతకండి. వాటి చెవులు శుభ్రంగా కనిపిస్తే షాపాయన వాదన అక్కడితో సరి.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. ఫోన్‌పే రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, అదీ ఫిర్యాదులో రాయండి. ‘వాపసు లేదు’ అన్నంత మాత్రాన జబ్బు జీవిని అమ్మిన బాధ్యత పోదు. 2018 పెట్ షాపు నిబంధనల్లో కుందేలు కూడా ఉంది, కాబట్టి షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఉందో లేదో పది రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తుతో తెలుసుకోండి. లేకపోతే మీకు బలమే. కానీ కేసు నిలబడేది దాని మీద కాదు.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, అదే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. మూడోది చనిపోయిన రోజు నుంచి లెక్కేద్దామనే ఆలోచన వద్దు. కొన్న రోజు నుంచే లెక్కేసుకోండి. 2024 దసరా అక్టోబర్ 12న వచ్చింది. 2026 అక్టోబర్ వచ్చేలోపే ఫిర్యాదు నంబరు పడాలి. షాపాయన ‘చూద్దాం’ అంటూ నెలలు నడిపించినా, మీరు లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే సరైన కారణం చూపించాలి. పాప బెంగ ఆ కారణం కాదు.

పాత తేదీ పోస్టుమార్టం కాగితం జోలికి వెళ్లారంటే గెలిచే కేసును చేతులారా చంపుకున్నట్టే. కమిషన్ విచారణ చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అదీ మీకూ, ఆ డాక్టరుకూ. పూడ్చిపెట్టినదానికి పోస్టుమార్టం ఎప్పుడు, ఎక్కడ చేశారని షాపు తరఫు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండు ప్రశ్నలు వేస్తే మీ నిజం వీడియోను కూడా ఎవరూ నమ్మరు.

పోలీసు కేసు మర్చిపోండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం దాని షెడ్యూల్లో ఉన్న జబ్బులకే. కుందేళ్లకు మిక్సోమటోసిస్, రక్తస్రావ వ్యాధి లాంటివి అందులో ఉన్నాయి, గజ్జి లేదు.

మీ తప్పు కూడా ఒకటుంది. కొత్తవాటిని రెండు మూడు వారాలు విడిగా ఉంచకుండా పాతవాటితో కలిపేశారు. పెచ్చులు చూశాక కూడా విడదీసినట్టు ఎక్కడా రాయలేదు. ఇది మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, దాచకండి. పైగా పోస్టుమార్టం లేకుండా మూడు చావులనూ షాపు మీద వేయడం కష్టం. అందుకే రెండు లక్షలు అడగకండి. కొన్న ధర, వైద్యం ఖర్చు రశీదుల మేరకు, మానసిక వేదనకు ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు అడగండి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు ఆగండి. జవాబు రాకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే, లేదా ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్లో ఫిర్యాదు వేయండి. మీ మొత్తానికి ఫిర్యాదు ఫీజు లేదు, లాయరును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. కుందేలు పిల్లల్ని ఎప్పుడైనా డబ్బుకు అమ్మి ఉంటే మాత్రం దాఖలు చేసేముందు ఆ వివరాలతో నాకు మళ్లీ రాయండి. మీరు వ్యాపారులే తప్ప వినియోగదారులు కారని షాపాయన అడ్డం తిరిగే అవకాశం ఉంది.