మీ ప్రపంచాన్ని ఆటలోకి దింపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ, నీ మిత్రులు పదకొండు మందీ నాలుగేళ్లుగా ఇంటర్నెట్‌లో కలిసి అల్లుకొస్తున్న ఊహాప్రపంచాన్ని యూరోపా యూనివర్సాలిస్ 4 అనే, చారిత్రక దేశాలను నడిపే కంప్యూటరు ఆటలోకి మార్చి, మనుషులెవరూ చెయ్యి పెట్టకుండా అన్ని దేశాలనూ కంప్యూటరుకే అప్పగిస్తే మూడు వందల ఏళ్లలో ఏం జరుగుతుందో చూడాలని ఉందని రాశావు. ఆ ఆట 2013లో వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నవాణ్ణి, ఇలాంటి పనిని రెండుసార్లు తలకెత్తుకుని మొదటిసారి పూర్తిగా చెడగొట్టుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. పటం ఎలా గీయాలని నువ్వు అడిగావు. పటం ఎలాగోలా పూర్తవుతుంది. అంతకంటే ముందు మీ పన్నెండు మందీ కూర్చుని తేల్చుకోవలసినది ఒకటుంది: ఆటలో వచ్చిన ఫలితాన్ని మీరు ఏమని ఒప్పుకుంటారు?

మా మొదటి ప్రయత్నంలో ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. ఆట మొదలై ముప్పై ఏళ్లయినా గడవకముందే ఒక మిత్రుడి రాజ్యం, ఆయన రెండేళ్లపాటు కూర్చుని వంశవృక్షం దగ్గర నుంచి ఆస్థానకవుల దాకా రాసిపెట్టుకున్న రాజ్యం, పొరుగు దేశం కడుపులోకి వెళ్లిపోయింది. ఆయన దాన్ని ఆట చేసిన పొరపాటన్నాడు. గెలిచిన దేశాన్ని సృష్టించినాయన అదే చరిత్ర అన్నాడు. మాటా మాటా పెరిగి, నెల తిరిగేసరికి ఇద్దరూ బృందాన్ని వదిలిపెట్టారు. తప్పు వాళ్లిద్దరిలో ఎవరిదీ కాదు. ఫలితానికి ఏ హోదా ఇవ్వాలో ముందుగా రాసుకోని మా అందరిదీ.

అందువల్ల ఒక ఒప్పందం రాసుకోండి. ఆట చెప్పినదంతా మీ ప్రపంచపు చరిత్రే అవుతుందా, లేక అది ఒక పాత తాళపత్రం లాంటి ఆధారం మాత్రమై, దాన్ని చదివి చరిత్ర రాసే హక్కు మీ దగ్గరే ఉంటుందా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. నా అభిప్రాయం రెండోదానివైపే. సైనికాధికారులు యుద్ధాన్ని ఆటగా అభ్యసించే యుద్ధక్రీడల చరిత్రలోనూ ఇదే తగవు కనిపిస్తుంది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్స్ పాచికలతో, నష్టాల పట్టికలతో తన యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. 1876లో అదే సంప్రదాయానికి చెందిన వెర్డీ డు వెర్నువా ఆ పట్టికలను పక్కనపెట్టి, అనుభవమున్న తీర్పరి నిర్ణయిస్తే చాలన్నాడు. మీరు ఇద్దరి మాటా వినవచ్చు. లెక్క కంప్యూటరు చేస్తుంది, ఆ లెక్కకు అర్థం చెప్పడానికి మీలో ఎవరి దేశంతోనూ సంబంధం లేని ఒకరిని తీర్పరిగా పెట్టుకోండి. ఆ ఒకరు దొరకకపోతే నేనున్నాను.

ఇక అంకెల సంగతి. కథలో "సంపన్నమైన రేవుపట్టణం" అని రాసి ఊరుకోవచ్చు, ఆట ఊరుకోదు. ప్రతి ప్రావిన్సుకూ, అంటే పటంలోని ఒక్కో చిన్న ప్రాంతానికీ, పన్ను, ఉత్పత్తి, సైనికబలం అనే మూడు మూలసంఖ్యలు ఇవ్వాలి, వాటి మొత్తమే ఆ ప్రాంతపు అభివృద్ధి. ఎవరి దేశానికి వాళ్లే అంకెలు వేసుకుంటే ఏమవుతుందో పెళ్లిలో ఇరువైపుల వాళ్లూ తమ ఆస్తులు చెప్పుకోవడం చూసిన నీకు వివరించనక్కరలేదు. మా రెండో ప్రయత్నంలో నేను అంకెలు అడగడమే మానేశాను. ప్రపంచంలోని పట్టణాలన్నిటినీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసలో పెట్టమని అందరినీ అడిగాను, ఎవరి పట్టణాల స్థానాన్ని వాళ్లు నిర్ణయించకూడదన్నది ఒక్కటే షరతు. వచ్చిన వరుసలన్నిటికీ సగటు తీసి, ముందే నిర్ణయించుకున్న మొత్తాన్ని ఆ సగటు ప్రకారం పంచాను. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు గానీ, ఎవరూ వెళ్లిపోలేదు.

మతాల దగ్గర కూడా ఇలాంటి ఉచ్చే ఉంది. పన్నెండు మందీ పన్నెండు మతాలు కల్పించి ఉంటారు. వాటిని పన్నెండు వేర్వేరు మతవర్గాలుగా రాస్తే, ప్రతి దేశానికీ మిగిలిన పదకొండూ అన్యమతస్థులవుతాయి. పొరుగువారి మీద సదభిప్రాయం పడిపోతుంది, గెలుచుకున్న నేలలో అశాంతి రగులుతుంది, కంప్యూటరు ఆడించే దేశాలు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకోవడానికి వెనకాడతాయి. మీ కథల్లో శతాబ్దాల స్నేహం ఉన్న రాజ్యాలు ఆటలో బద్ధశత్రువులుగా తేలడానికి కారణం చాలాసార్లు ఈ వర్గీకరణే. వాటిని మూడు నాలుగు వర్గాలలోకి సర్దండి. ఏ రెండు మతాల మధ్య బంధుత్వం ఉందో చర్చించుకునేటప్పుడు మీ ప్రపంచం గురించి మీకే కొత్త సంగతులు తెలుస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం వర్తకం మీద వెచ్చించు. ఈ ఆటలో వర్తకం ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి ముందే నిర్ణయించిన దిశలో మాత్రమే ప్రవహిస్తుంది. ఏటికి ఎదురీదినట్టు వెనక్కి రాదు, చుట్టు తిరిగి మొదలైన చోటికి చేరదు. అలా చుట్టు వచ్చేటట్టు పొరపాటున గీస్తే ఆట నడవదు. మూల ఆటలో ఈ ప్రవాహాలు కట్టకడపటికి చేరేది మూడే చోట్లకు: ఇంగ్లిష్ చానల్, జెనోవా, వెనీస్. మన కోరమాండల్ తీరపు బట్టల విలువ కూడా ఎన్ని చేతులు మారినా చివరికి అటువైపే వెళ్లేలా తయారీదారులు పటం వేశారు. 1444 నవంబరు 11న ఆట మొదలయ్యేటప్పుడు రెండో దేవరాయల విజయనగరం ఎంత బలంగా ఉన్నా, వర్తకపు చివరి మజిలీ మాత్రం దానికి దక్కదు. ఐరోపా ఎదుగుదల కథ చెప్పడానికి కట్టిన నీటిపారుదల అది. మీ ప్రపంచంలో ఐరోపా లేదు కదా. మరి చివరి మజిలీ ఎక్కడ? ఆ చుక్క పటం మీద ఎక్కడ పెడతారో ఆ దేశానికి మూడు వందల ఏళ్ల భవిష్యత్తును మీ చేత్తో మీరే రాసి ఇచ్చినట్టు. కాబట్టి కనీసం మూడు చివరి మజిలీలను ఒకదానికొకటి దూరంగా పెట్టండి, వాటిలో ఒకటైనా ఇప్పటికే బలంగా ఉన్న దేశానికి అందనంత దూరంలో ఉండేలా చూడండి. మేము ఒక్కటే పెట్టాం. ఎన్నిసార్లు ఆట నడిపినా ఒకే దేశం గెలిచింది, మేమేమో అది ఆ దేశపు రాజనీతి గొప్పతనమని చాలా రోజులు మురిసిపోయాం.

ఇలాంటి మరో పాత పునాది కొత్త ఆలోచనల వ్యాప్తి. మూల ఆటలో పునరుజ్జీవనం 1450 తరువాత ఇటలీలో పుట్టి బయటికి పాకుతుంది. మీ పటంలో ఇటలీ అనే ప్రాంతం లేకపోతే ఆ నియమాన్ని తిరిగి రాయాలి. రాయకుండా వదిలేస్తే అది పుట్టడానికి చోటే ఉండదు.

పటం గురించి క్లుప్తంగా చెబుతాను. మూల ఆట పటం 5632 పిక్సెళ్ల వెడల్పు, 2048 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. అందులో ప్రతి ప్రావిన్సుకూ మరెక్కడా వాడని ఒక రంగు ఉండాలి, ఆ రంగు సంఖ్యలు విడిగా ఒక పట్టికలో నమోదు కావాలి. గీసేటప్పుడు అంచులను నునుపు చేసే సదుపాయాన్ని తప్పక ఆపివెయ్యి. లేకపోతే రెండు రంగులు కలిసే చోట పట్టికలో లేని మూడో రంగు పుట్టి, ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కోవడానికే ఒక ఆదివారం పోతుంది. మొదటి విడతలో మూడు నాలుగు వందల ప్రావిన్సులకు మించవద్దు. ప్రతి ప్రావిన్సునూ ముందు నుంచే ఎవరెవరు ఎరిగి ఉన్నారో చెప్పే వాక్యాన్ని మరిచిపోకు. నేను మరిచిపోతే రాజ్యాల చుట్టూ లోకమంతా తెల్లగా మిగిలిపోయింది, పక్క ఊరు కూడా తెలియని చక్రవర్తులు తయారయ్యారు.

దేశాలకు ఇచ్చే మూడక్షరాల సంకేతాల విషయంలో ఒక ముచ్చట. మీ బృందంలో ఎవరో ఒక తెలుగువాడు ఆంధ్ర పేరుతో రాజ్యం పెట్టి ఏ, ఎన్, డీ అనే సంకేతం ఇద్దామనుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ మూడక్షరాలు ఆట భాషలో "మరియు" అనే తార్కిక పదం, పనికిరావు. సీ, ఓ, ఎన్ అనే పేరుతో ఫైలు పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. పేర్లను తెలుగు లిపిలో చూపించడానికి ఆటలో ఉన్న అక్షరరూపాలు చాలవు, కాబట్టి వాటిని ఆంగ్ల లిపిలోనే రాసుకోవాలి. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

నీ ఉత్తరంలో ఒక మిత్రురాలి గురించి రాశావు: ఆమె సృష్టించిన కొండప్రాంతంలో రాజు లేడు, గ్రామసభలే ఉన్నాయి. ఆమెతో ముందుగానే మాట్లాడు. రాజ్యం అనే పెట్టెలో ఇమడని మనుషులను ఈ ఆట యజమాని లేని నేలగా చూస్తుంది. అక్కడి జనం ఎంతమంది, ఎంత భీకరులు, ఎంత శత్రుభావం ఉన్నవారు అనే మూడు అంకెలుగా వాళ్లను కుదించి, వలస వచ్చేవాడి కోసం ఎదురుచూసేలా చేస్తుంది. మన్యంలో నాలుగేళ్లు పనిచేసి వచ్చిన నాకు ఆ తెర చూసినప్పుడల్లా ఇబ్బందిగానే ఉంటుంది. దీనికి సగం విరుగుడు ఉంది: ఆ ప్రాంతాన్ని ఒక గణతంత్రంగా నమోదు చేసి, దాడి చేసే సేనలు నష్టపోయేలా పర్వతభూమిని, కోటలను ఇవ్వండి. మిగిలిన సగం ఒప్పందంలో రాయండి, ఆ ప్రాంతం విషయంలో ఆట మాట చెల్లదని. ఆమె దానికీ ఒప్పుకోకపోతే ఆ నేలను ఎవరూ అడుగుపెట్టలేని బంజరుగా గుర్తించి ఆటలోంచే తప్పించండి. అది ఆమె హక్కు.

నడపడం మొదలుపెట్టాక తొందరపడవద్దు. ఐరన్‌మాన్ అనే, వెనక్కి వెళ్లి సరిదిద్దుకోనివ్వని పద్ధతిలో ఆదేశాల తెర తెరుచుకోదు, కాబట్టి మామూలు పద్ధతిలో ప్రారంభించి, పరిశీలకుడిగా మారే ఆదేశం ఇవ్వు. మొదట పదేళ్లు నడిపి ఆపి, తప్పుల చిట్టా ఫైలు చదువు. తరువాత యాభై ఏళ్లు. అంతా సవ్యంగా ఉందని తేలాకే మొత్తం కాలం. ఒకే ప్రారంభం నుంచి కనీసం ఆరుసార్లు నడిపించు. ఆరింటిలో ఐదుసార్లు జరిగినది మీ అంకెల్లోనో, భూగోళంలోనో ఉన్న కారణం వల్ల జరిగి ఉంటుంది, అది చర్చకు అర్హమైనది. ఒక్కసారే జరిగినది పాచిక. కథకు అందంగా ఉంటే వాడుకోండి. పని మొదలుపెట్టిన రోజునే, ఆటలు కొనుక్కునే ఆన్‌లైన్ వేదిక అయిన స్టీమ్‌లో ఆట వెర్షన్‌ను స్థిరపరచుకో. మధ్యలో కొత్త నవీకరణ వచ్చి పడితే నువ్వు రాసిన ఫైళ్లు సగం పనిచేయకుండా పోవచ్చు.

సెలవులకు వచ్చేటప్పుడు పట్టణాల వరుసనూ, వర్తకపు బొమ్మనూ కాగితం మీద గీసి తీసుకురా, అల్లుడూ. రంగులు వేయనక్కరలేదు, బాణపు గుర్తులు స్పష్టంగా ఉంటే చాలు. ఒప్పందం ముసాయిదా మాత్రం దానికంటే ముందే పంపు, సంతకాలు కాకముందే ఒకసారి చదువుతాను. అక్కకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య