జీడిమెట్లలో యూనియన్ పెడతానంటున్న మా బిడ్డకు

బిడ్డా,

నువ్వు ఫోన్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, రెట్టింపు ఇవ్వాల్సింది మామూలు రేటే కడుతున్నారని, అడిగిన పిల్లను మర్నాడు గేటు దగ్గరే ఆపేశారని నువ్వు చెబుతుంటే బాలానగర్‌లో నా పాత రోజులు కళ్ల ముందు తిరిగాయి. యూనియన్ వద్దని నేను అనను. దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందో ముందే తెలుసుకుని దిగు.

ముందు కాగితం సంగతి, అంటే యూనియన్ రిజిస్ట్రేషన్. మేం పెట్టిన రోజుల్లో ఏడుగురు సభ్యులుంటే సరిపోయేది. 2001లో చట్టం సవరించాక, పనిచేసేవాళ్లలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఎంత చిన్న కంపెనీ అయినా ఏడుగురికి తగ్గకూడదు. 2025 నవంబర్ 21 నుంచి 1926 నాటి చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చినా ఈ లెక్క మారలేదు. మీ దగ్గర 340 మంది అన్నావు, అంటే 34 మంది. నువ్వు మాత్రం వంద మంది కూడే దాకా కదలకు. దరఖాస్తు మీద సంతకాలు కూడా ఏడుగురితో ఆపకుండా ఇరవై మందితో పెట్టించు. దరఖాస్తు పడిందని తెలియగానే ఒక్కొక్కరినీ క్యాబిన్‌లోకి పిలిచి 'నాకు యూనియన్‌తో సంబంధం లేదు' అని రాయించుకుంటారు. సంతకం పెట్టినవాళ్లలో సగానికి మించి వెనక్కి తగ్గితే దరఖాస్తుకే ముప్పు. సగం లోపైతే ఆ ఒక్క కారణంతో దాన్ని చెల్లదనలేరు.

ఇప్పుడు అసలు మాట. మేం చేసిన తప్పు నువ్వు చేయొద్దు.

మా ప్యాకింగ్‌లో పర్మినెంట్ వాళ్లం తొంభై మందిమి, కాంట్రాక్ట్ ఆడవాళ్లు అరవై మంది. 'వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మనవాళ్లు కాదు' అనుకుని సభ్యత్వం అడగనే లేదు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే మాత్రల స్ట్రిప్పు ప్యాక్ చేసేవాళ్లం. టిఫిన్ బాక్సులు మాత్రం వేరువేరుగా విప్పేవాళ్లం. సమ్మె రోజున మేం గేటు బయట నిలబడి ఉంటే వాళ్లు తలలు దించుకుని లోపలికి వెళ్లారు. లైన్ నడిచింది. తొమ్మిదో రోజు మేమే వెనక్కి వచ్చాం. మాలో నలుగురిని మళ్లీ తీసుకోలేదు. చాలా ఏళ్లు ఆ అరవై మందినే తిట్టుకున్నాను. వాళ్ల ఇళ్లకు ఒక్కసారైనా వెళ్లి 'మీ కష్టం ఏంటి' అని నేను అడగలేదని తర్వాత తెలిసొచ్చింది.

మీ దగ్గర కాంట్రాక్ట్ వాళ్లే ఎక్కువ. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. నీకొచ్చిన హైదరాబాద్ హిందీ చాలు, ఆదివారం వాళ్ల రూములకు వెళ్లు. మొదటి రోజే యూనియన్ పేరు ఎత్తకు. పీఎఫ్ పడుతోందా, ఈఎస్ఐ కార్డు చేతికిచ్చారా అని అడుగు. వాళ్ల పీఎఫ్, ఈఎస్ఐ కాంట్రాక్టర్ పేరు మీద ఉంటాయి కాబట్టి 'వీళ్లు మా కార్మికులే కాదు' అని కంపెనీ వాదిస్తుంది. అందుకే గేట్ పాస్, జీతం పడిన బ్యాంకు మెసేజ్, యూఏఎన్ నంబర్ (పీఎఫ్ ఖాతా నంబర్) ఫొటోలు తీసి భద్రంగా పెట్టుకోమను. ఓటీ గంటలు రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోమను.

వాట్సాప్ గ్రూప్ పెట్టకు. ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి హెచ్ఆర్‌కు పంపుతారు. పంపిన మనిషి చెడ్డదని కూడా అనుకోకు, ఇంటి అద్దె భయం అలాంటిది. కంపెనీ బస్సులోనూ మాట్లాడుకోవద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకో అడ్డంకి ఉంది, దాన్ని మగ నాయకులు గుర్తించరు. బెదిరింపు మనకు రాదు, ఇంటికి వెళ్తుంది. మా సూపర్‌వైజర్ మీ పెదనాన్నకే కబురు పంపాడు: 'మీ ఆవిడ రాత్రిళ్లు మీటింగులకు తిరుగుతోంది' అని. ఉద్యోగం ఇప్పించిన చుట్టాన్ని పిలిచి మందలించడం కూడా మామూలే. అందుకే ఇంట్లోవాళ్లకు ముందు నువ్వే చెప్పు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ టెన్షన్ నీకొద్దు.

సభ్యులు పెరుగుతున్నారని తెలిశాక ఉన్నట్టుండి ఇంక్రిమెంట్లు వస్తాయి. కొందరికి 'జూనియర్ ఎగ్జిక్యూటివ్' అని పేరు మార్చి, ఇక మీరు కార్మికులు కారంటారు. ఆ మాట నమ్మొద్దు. చేసే పనిని బట్టి చూస్తారు గానీ, కార్డు మీద హోదాను బట్టి కాదు. యూనియన్‌ను దెబ్బతీయడానికి సరిగ్గా ఆ సమయంలో జీతాలు పెంచడం, మేనేజ్‌మెంట్ తానే ఇంకో యూనియన్ పెట్టించడం, కక్షతో బదిలీ చేయడం, ఇవన్నీ చట్టం పేరు పెట్టి మరీ అనుచితమన్న పనులు. ఏ తేదీన ఎవరికి ఏం జరిగిందో రాసి పెట్టు. తెల్ల కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.

రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. ఒకటికి మించి యూనియన్లుంటే, కార్మికుల పేర్లుండే హాజరు పట్టీ, అంటే మస్టర్ రోల్‌లో 51 శాతం మంది మద్దతున్న యూనియనే ఒంటరిగా చర్చలకు కూర్చునే హక్కు పొందుతుంది. మీలో చీలిక తేవాలని చూసేది అందుకే.

కోపంలో అందరూ ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడదామని ఎవరైనా అంటే ఆపు. సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని అలా పెడితే కొత్త కోడ్ ప్రకారం అది సమ్మే. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

బయటి నాయకుడి సాయం తీసుకో, పగ్గాలు మాత్రం ఇవ్వకు. మీలాంటి కంపెనీలో ఆఫీస్ బేరర్లలో బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే దానికి మించకూడదు.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కార్మిక శాఖ ఆఫీసున్న భవనానికి అంజయ్య గారి పేరుంది. ఆయన ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా చేరి, యూనియన్ నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు నీ వెంట వచ్చే తోటి పిల్లలకు ఈ సంగతి చెప్పు, కాళ్లలో వణుకు కాస్త తగ్గుతుంది. దరఖాస్తు ఇచ్చాక రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. పేర్లు రాసుకున్న నోట్‌బుక్ తెచ్చుకో, ఫోన్‌లో మాత్రం ఎవరి పేరూ చెప్పకు. గేటు దగ్గర ఆపేసిన ఆ పిల్లనూ వెంటబెట్టుకుని రా. ఇద్దరికీ వండి పెడతాను.

మీ పెద్దమ్మ