'సెడ్ మీ', 'టోల్డ్ దట్' ఎందుకు తప్పంటే

మీటింగ్ రద్దయిందని మేనేజర్ మీకు చెప్పిన సంగతి మెయిల్‌లో పెడుతూ మీరు మొదట రాసిన 'హీ సెడ్ మీ దట్...', తర్వాత దిద్ది రాసిన 'హీ టోల్డ్ దట్...' రెండూ తప్పు కావడానికి కారణం ఒకటే. తెలుగులో 'నాకు' ఉన్నా లేకున్నా 'చెప్పాడు' సరిపోతుంది. ఇంగ్లీషులో క్రియే మారాలి.

1. ఎవరికి చెప్పారో వాక్యంలో ఉంటే టెల్: హీ టోల్డ్ మీ దట్...
2. లేకపోతే సే: హీ సెడ్ దట్...

ఇంతవరకు చాలామందికి తెలుసు. జారిపోయేది 'టు' దగ్గర. 'నాకు'లోని 'కు'ని కూడా మోసుకొచ్చి 'టోల్డ్ టు మీ' అనేస్తాం. అలా వద్దు. టోల్డ్ పక్కనే మనిషి రావాలి: టోల్డ్ మీ, టోల్డ్ హర్. సేకి మాత్రం 'టు' కావాలి: వాట్ డిడ్ హీ సే టు యూ?

మరి 'హీ టోల్డ్ మీ టు కమ్' ఎలా ఒప్పు అంటారా? అక్కడి 'టు' 'కమ్'కి చెందింది, 'మీ'కి కాదు. 'రమ్మన్నాడు' అని అర్థం. ఆజ్ఞలకు ఈ పద్ధతే వాడండి, చక్కగా ఉంటుంది.

3. 'నాకు చెప్పారు' అనడానికి 'ఐ వాజ్ టోల్డ్'. 'ఐ వాజ్ సెడ్' లేదు.
4. టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ: వీటికి వినేవాళ్లు లేకున్నా టెల్లే. ఇవి అలాగే గుర్తుపెట్టుకోవాలి.

మీ వాక్యం ఇలా పంపండి: 'ద మేనేజర్ టోల్డ్ మీ దట్ ద మీటింగ్ వాజ్ క్యాన్సిల్డ్.'